మైల రాయి

బుధు కావడి మోసి బతికేవాడు. కొండ మీది పసుపూ చింతపండూ కిందికి దించడం, ఉప్పూ గుడ్డలూ పైకి ఎక్కించడం అతని పని. తండ్రిదీ అదే. దొరల మీద కొండవాళ్లు లేపిన ఫితూరీ అణిగిన మరుసటి ఏడు కొండెక్కే ఘాటీ రోడ్డు వేస్తారని తెలిసి, కూలి దొరుకుతుందని ఊరంతా సంబరపడింది. అతను మాత్రం రోడ్డు పని చూసే ఓవర్‌సీరు సర్వేశ్వరరావును ఒక్క మాట అడిగాడు.

"రోడ్డయినాక ఏటొత్తాది బాబూ?"

"బళ్లొస్తాయిరా. పసుపు దిగుతుంది, ఉప్పు ఎక్కుతుంది."

"అది మావు సేత్తన్నదే గదా."

ఓవర్‌సీరు గొడుగు మరో చేతికి మార్చుకుని ముందుకు నడిచాడు.

ఆ ఏడు సామలు పండలేదు. బుధు భార్య ముత్యాలమ్మ రోడ్డు పనిలో మట్టి తట్ట ఎత్తింది. వెనకే బుధూ వెళ్లాడు.

రోడ్డు ఊరి మొదలుకు వచ్చిన ఉదయం, అక్కడ కొత్త రాయి నిలబడి ఉంది. ఆ కొండల్లో మనిషి పోతేనే రాయి నిలబెడతారు. ఇదేమిటని అడిగితే మేస్త్రీ పైడయ్య "మైలురాయి" అని తన దారిన పోయాడు. ముత్యాలమ్మకు అది "మైల రాయి" అని వినబడింది.

"సచ్చినోడు లేడు, రాయెట్టీసినారు. ఎవులి కోసం మరి?"

"నాకే గాబోలు," అన్నాడు ముసలి సుక్రు. "మొన్న ఆ మేస్త్రీ నన్ను కొలిసినట్టు సూసినాడు."

మైలలో మట్టి తవ్వకూడదు. ఊరంతా తట్టలు బోర్లించి కూర్చుంది.

బుధుకు తెలుసు. సంతకు దిగే దారిలో అలాంటి రాళ్లు ఎన్నో దాటాడు; అవి దూరం చెప్పేవి. ఆ మాట చెబితే మధ్యాహ్నానికి అందరూ పనిలో ఉండేవారు. చెప్పలేదు. మనుషులు లేకపోతే రోడ్డు ఆగుతుందేమో, కావడి మిగులుతుందేమో అనుకున్నాడు.

నాలుగో రోజు వంపులో గునపాల చప్పుడు వినబడింది. కింది ఊళ్ల కూలీలు కుండలతో, పెళ్లాలతో సహా ఎక్కి వచ్చారు.

బుధు ఓవర్‌సీరు దగ్గరికి పరుగున వెళ్లాడు. "మావు వత్తాం బాబూ. మైల తీరిపోనాది."

"అక్కర్లేదురా. రోడ్డయ్యేదాకా వీళ్లను మాట్లాడేసుకున్నాను."

ఇంటికొచ్చి బుధు తనకు తెలిసిన మాట అప్పుడు భార్యకు చెప్పాడు. ముత్యాలమ్మ చివరిదాకా విన్నది. గునపం తీసుకుని దుంపల కోసం అడవిలోకి పోయింది. అతన్ని రమ్మనలేదు.