క్లోజింగ్ ఆర్డర్

ఆ ఎర్ర గుడ్డను షెడ్డు తలుపు గొళ్లెం నుంచి విప్పింది మేనేజరు విష్ణువర్ధన్. విప్పి, ఉండ చుట్టి, నా వ్యాను దగ్గరికి వచ్చి చేతిలో పెట్టాడు. "అద్దం తుడుచుకో లోకనాథ్, దుమ్ము పట్టిపోయింది" అన్నాడు. నేను తుడుచుకున్నాను. ఈ కథలో నా తప్పు అక్కడ మొదలైంది. దాన్ని దాచిపెట్టుకుని మీకు మిగతాది చెప్పే ముఖం నాకు లేదు.

బర్గూరు కాలేజీ విద్యార్థులు మొన్న వచ్చి, జరిగింది జరిగినట్టు రాసిమ్మని అడిగారు. నేను రచయితను కాను. మదనపల్లె దగ్గరి పల్లె నుంచి తమిళనాడులోని హోసూరు ఫ్యాక్టరీలో పనికొచ్చి, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక వ్యాను తోలుకుంటున్నవాణ్ణి. వేప్పనపల్లి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను పొద్దున్నే ఎక్కించుకుని కుందారపల్లి దాటాక ఉన్న గులాబీ తోటకు చేర్చడం నా పని. తోట అంటే చెట్లూ నీడా అనుకోకండి. ఇనుప కమ్ముల మీద తెల్ల ప్లాస్టిక్ కప్పిన షెడ్లు, పన్నెండు. లోపల గాలి ఆడదు. పువ్వు ఎంత వేడి తట్టుకుంటుందో కొలవడానికి ప్రతి షెడ్డులో ఒక మీటరు ఉంది, మనిషికి మాత్రం ఏ మీటరూ లేదు.

గుడ్డ సంగతి ముందు చెప్పాలి. షెడ్డులో పురుగుమందు కొట్టాక, మందు కొట్టే ఏళుమలై బయటికొచ్చి తలుపు గొళ్లానికి ఎర్ర గుడ్డ ముడి వేసేవాడు. ముడి ఉన్నంతసేపు ఎవరూ లోపలికి పోరు. మరునాడు పొద్దున అతనే విప్పేవాడు. ఇంగ్లీషులో రాసిన బోర్డు ఒకటి ఉండేది గానీ దాన్ని చదివేవాళ్లు లేరు, మా వాళ్లకు ఆ గుడ్డే చట్టం. ఆ గుడ్డయినా కంపెనీ ఇచ్చింది కాదు. ఏళుమలై భార్య పాత చీర నుంచి చింపి ఇచ్చింది.

ఒక సోమవారం గేటు పక్కన బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. ఏముందో చదవమని మునివెంకటమ్మ నన్నడిగింది. ఆమె పువ్వుల కోతకు పోయే ఆడవాళ్లలో పెద్దది, ఆమె మాట మిగతావాళ్లు వింటారు. నాకు వచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాట ఒక్కటే చదివాను. క్లోజింగ్ ఆర్డర్. దాని కింద ఒక తారీఖు, సరిగ్గా పదహారు రోజుల్లో.

హోసూరులో పనిచేసిన మనిషికి ఆ మాటకు ఒకటే అర్థం. మా ఫ్యాక్టరీ గేటుకు అంటించిన కాగితం మీదా అదే మాట ఉండింది, ఆ రోజు నుంచి మేం నాలుగు వందల మందిమి నాలుగు దారుల్లో పోయాం. అందుకే కింద సన్న అక్షరాలు చదవలేదు. "కంపెనీ క్లోజింగ్ అంట అక్కా" అన్నాను.

మా వ్యాను వాళ్లు గేటు ముందు కూలబడిపోయారు. వెనకొచ్చిన వ్యాన్ల వాళ్లూ దిగి విషయం విని, అక్కడే కూర్చున్నారు. నూటా ఇరవై మంది. ఎవరూ నాయకులు లేరు, జెండా లేదు. ఆ షెడ్లు లేచిన నేల వాళ్లలో సగం మందిదే, కంపెనీ వచ్చినప్పుడు పని ఇస్తామంటే ఇచ్చేశారు. ఇప్పుడు ఆ పని కూడా పోతే యాడికి పొయ్యేది అని మునివెంకటమ్మ అందరినీ అడిగింది. 

గంట తర్వాత విష్ణువర్ధన్ వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, కోతవాళ్లందరినీ అమ్మా అనే పిలుస్తాడు. సంగతి విని కడుపు పట్టుకుని నవ్వాడు. మూసేది మన కంపెనీ కాదన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల ప్రపంచ దేశాల ఆటల పండగ జరుగుతోందట, దాని ముగింపు రోజు ఉత్సవాన్ని క్లోజింగ్ సెరిమనీ అంటారట, ఆ రోజు ఆటగాళ్లందరి చేతుల్లో మన గులాబీలు ఉంటాయట. ఆ పువ్వుల ఆర్డరు పేరే క్లోజింగ్ ఆర్డర్.

అందరూ నవ్వారు. నేను తల ఎత్తుకోలేకపోయాను. ఆ తర్వాత రోజూ వ్యాను ఎక్కుతూ నన్ను ఆటపట్టించేవాళ్లు. "ఏమప్పా లోకనాథా, ఈ పొద్దు ఏం క్లోజింగ్?" అని మొదలుపెట్టేది అంగాళమ్మ.

ఆ నవ్వుల మధ్యే విష్ణువర్ధన్ తనకు కావలసింది అడిగేశాడు. రోజుకు రెండు కోతలు, ఆదివారం కూడా పని. ఎవరూ కాదనలేదు. పని పోతుందని భయపడి కూర్చున్నవాళ్లు, పోలేదన్న సంతోషంతో లేచారు. అట్లా లేచినవాళ్లు ఏదడిగినా సరేనంటారు. ఆయనకు ఆ సంగతి ఆ గంటలోనే తెలిసింది. మాకు తెలియడానికి ఒక మనిషి పోవలసి వచ్చింది.

అంగాళమ్మ గురించి చెప్పాలి. నలభై ఏళ్లుంటాయి. చీర మీద చచ్చిపోయిన మొగుడి పొడుగు చేతుల చొక్కా వేసుకుని కోతకు దిగేది. కాడ అరవై సెంటీమీటర్లు ఉండాలని కంపెనీ అందరికీ కొలబద్దలు ఇచ్చింది గానీ, ఆమె తీసుకోలేదు. మోచేతికి పైన ఒక పచ్చబొట్టు చుక్క ఉండేది. అక్కడి నుంచి వేలి కొస దాకా సరిగ్గా అరవై. చొక్కా కప్పినా ఆ చుక్క చోటు ఆమెకు తెలుసు. కాడ పక్కన చెయ్యి ఆనించేది, కత్తెర వేసేది. ఆమె కోసిన కాడలు ఎప్పుడూ తిరిగి రాలేదు. కూతురు చిత్ర ఆ పువ్వుల్ని రకాలుగా ఏరే గ్రేడింగ్ హాల్లో పని చేసేది, కట్ట చూసి ఇది మా అమ్మదే అని చెప్పేది.

విదేశానికి పోయే పెట్టెలో ఒక్క పురుగు కనిపించినా లోడంతా వెనక్కొస్తుంది. అందుకని మధ్యాహ్నం మందు, మూడింటికి రెండో కోత అని నిర్ణయించారు. మొదటి రోజు ఏళుమలై అలవాటు ప్రకారం గుడ్డ కట్టాడు. రేపు పొద్దున దాకా ఆగాలని మేనేజరుతో గట్టిగానే వాదించాడు. విష్ణువర్ధన్ వాదించలేదు. గుడ్డ విప్పి నాకిచ్చాడు. నేను మొదట్లో చెప్పింది ఆ మధ్యాహ్నం సంగతే.

మూడింటికి కోతవాళ్లు వచ్చారు. వాసన తగిలి అంగాళమ్మ గడప దగ్గర ఆగింది.

"ఏళుమలై, మందు కొట్టినావా?"

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తలుపు వైపు చూపించాడు. "గుడ్డ ఉందా అమ్మా?"

"లేదు సార్."

"మరింకేం?"

ఆమె లోపలికి పోయింది. వెనకే అందరూ పోయారు. నేను వ్యానులో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. గుడ్డ నా పక్క సీటు మీద ఉంది.

ఆ రోజు నుంచి ఏ తలుపుకూ గుడ్డ కట్టలేదు. కళ్లు మండాయి, కొందరికి వాంతులయ్యాయి, ఎండ దెబ్బ అని మజ్జిగ ఇచ్చారు. తొమ్మిదో రోజు సాయంత్రం అంగాళమ్మ వరుస మధ్యలో పడిపోయింది. నోటి నుంచి నురగ, ఒళ్లంతా చెమట. నా వ్యానులోనే కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. చిత్ర తల్లి తలను ఒడిలో పెట్టుకుని దారంతా అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉంది. విష్ణువర్ధన్ కారులో మా వెనకే వచ్చాడు.

డాక్టరమ్మ అంగాళమ్మ కళ్లలో లైటు వేసి చూసి, ఏ మందు పీల్చింది, డబ్బా తీసుకురండి అంది. ఈ రోజు అసలు మందే కొట్టలేదని విష్ణువర్ధన్ చెప్పాడు. కొడితే తలుపుకు ఎర్ర గుడ్డ కడతాం మేడమ్, అది మా రూలు, గుడ్డ లేదు, కావాలంటే ఈ డ్రైవర్ని అడగండి అన్నాడు. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"అవును, గుడ్డ లేదు" అన్నాను.

మాట వరకు అది నిజమే. నా బతుకులో నేను ఆడిన అన్ని అబద్ధాల కంటే ఆ నిజం పెద్ద అబద్ధం. వ్యాను ఆ కంపెనీ గేటులోనే తిరగాలి కదా అని భయపడ్డాను, అంతకు మించి కారణం లేదు. డాక్టరమ్మ తన అనుమానం కొద్దీ వైద్యం చేసింది, చేయగలిగిందంతా చేసింది. మందు పేరు తెలిసుంటే బతికేదో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఈనాటికీ లేదు. మూడో రోజు ఉదయం అంగాళమ్మ పోయింది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ముందు నుంచే గుండె జబ్బు అని ఉంది.

అప్పటికి పువ్వులు విమానం ఎక్కేశాయి.

ముగింపు ఉత్సవం అక్కడ రాత్రి, మనకు పొద్దున తొమ్మిది. గ్రేడింగ్ హాల్లో పెద్ద టీవీ పెట్టించి, అందరినీ పిలిచి తలా ఒక మైసూర్‌పాక్ ఇచ్చారు. చిత్రను కూడా ఇంటి నుంచి పిలిపించారు. మీ అమ్మ కష్టం ప్రపంచం చూస్తుందమ్మా అని విష్ణువర్ధన్ ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టాడు. ఆయన అది మనసారా అన్నాడేమో కూడా, నాకు తెలియదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

టీవీలో టపాసులు, పాటలు. అన్ని దేశాల ఆటగాళ్లు ఏ దేశం వాళ్లన్న తేడా లేకుండా కలిసిపోయి మైదానంలోకి నడిచొచ్చారు. ప్రతి చేతిలో ఎర్ర గులాబీలు. కొందరు ఒకరినొకరు కౌగిలించుకుని ఏడుస్తున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లూ ఒళ్లు అరగదీసుకున్న పిల్లలే, తమ చేతిలో పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకేం తెలుసు. "ఆ కాడలు చూడండమ్మా, మన అంగాళమ్మ చెయ్యి పొడుగే" అంది మునివెంకటమ్మ. అంతే, హాలు హాలంతా ఏడ్చింది. చిత్ర ఏడవలేదు. టీవీకి దగ్గరగా పోయి ఒక్కో చేతిలో కట్టను వెతుకుతూ నిలబడింది.

తర్వాత అక్కడ ఆటల మొదటి రోజు నుంచి వెలుగుతున్న పెద్ద మంట ఆర్పారు. అందరూ గంతులు వేశారు. చేతుల్లో పువ్వులు కింద పడ్డాయి, వాటి మీదే ఆడారు. చీపుర్లు పట్టుకుని కొందరు ఒక పక్క నుంచి ఊడవడం మొదలుపెట్టారు.

"అయిపోయిందా సార్?" అని చిత్ర అడిగింది.

"అయిపోయిందమ్మా."

ఆయన టీవీ కట్టేశాడు. పువ్వులు అందరికీ నచ్చాయని, ఇంకో పెద్ద ఆర్డరు వచ్చిందని చెప్పాడు. ఈ రోజు కూడా మధ్యాహ్నం మందు, మూడింటికి కోత.

ఎవరూ కదలలేదు. నేను లేచాను. బయటికి పోయి, వ్యాను సీటు కింద ఉన్న గుడ్డ తీసుకొచ్చాను. అద్దం తుడిచి తుడిచి నల్లబడింది. దాన్ని చిత్ర చేతిలో పెట్టి, ఎవరు విప్పారో, ఎవరికిచ్చారో, ఆసుపత్రిలో నేనేమన్నానో అందరి ముందూ చెప్పాను. ఆ పిల్ల నా మొహం మీద కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గుడ్డను మడిచి పట్టుకుంది.

వెనక నుంచి ఏళుమలై లేచాడు. "నేనే కొట్టినాను" అన్నాడు. "ఆ పొద్దూ కొట్టినాను, ముందు పొద్దులూ కొట్టినాను. డబ్బా మీద పేరు చింపేయమంటే చింపినాను. ఒక డబ్బా ఇంట్లో దాచినాను. ఆ పొద్దే ఆస్పత్రికి తీసుకుపోయుంటే..." 

విష్ణువర్ధన్ మెత్తగానే మాట్లాడాడు. దుఃఖంలో ఉన్నారు, ఇంటికి పోయి రేపు రండి అన్నాడు. చిత్ర ఆయన్ను దాటుకుని ఒకటో షెడ్డు దగ్గరికి నడిచి, గొళ్లానికి ఆ గుడ్డ ముడి వేసింది. మిగతా పదకొండు తలుపులకు ఎర్ర గుడ్డలు లేవు. మునివెంకటమ్మ తన ఆకుపచ్చ చీర కొంగు అంచు పంటితో చింపింది. అది చూసి తక్కినవాళ్లూ చింపారు. పసుపు, నీలం, పువ్వులది, ఎవరి దగ్గర ఏదుంటే అది కట్టారు.

"మందు కొట్టకుండానే గుడ్డ ఎందుకమ్మా?" అన్నాడు విష్ణువర్ధన్.

"గుడ్డ లేకుంటే మందు లేదని డాక్టరమ్మకు చెప్పినారు కదా సార్" అంది మునివెంకటమ్మ. "ఇప్పుడు గుడ్డ ఉండాది. ఉంటే లోపలికి పోకూడదని మీ రూలే."

అప్పుడు ఆయన గొంతు మారింది. ఇట్లా చేస్తే నిజంగానే కంపెనీ మూసేస్తారు, ఈసారి క్లోజింగ్ అంటే క్లోజింగే అన్నాడు. ఆ మాటకు అందరి మొహాలు పాలిపోయాయి. నా మొహం కూడా. ఆ భయం మాకు పాతదే, ఎముకల్లో ఉన్నది. గేటు వైపు చూసినవాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లో పిల్లలున్నారని ఒకామె గొణిగింది. అంగాళమ్మకూ ఒక పిల్ల ఉందని ఇంకొకామె అంది.

మునివెంకటమ్మ రెండో షెడ్డు తలుపుకు వీపు ఆనించి కింద కూర్చుంది. "ఆ మాటకు ఒకసారి కూర్చున్న్యాం, ఒకసారి లేచినాం. లేచినందుకు అంగాళమ్మ పాయ. ఇంక ఆ మాటకు లేచేది లేదు."

ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. గేటు వైపు చూసినవాళ్లూ వచ్చారు. ఏ షెడ్డులో ఏ రోజు ఏ మందు కొట్టారో రాసి సంతకం పెట్టాలి, అంగాళమ్మ ఎట్లా చచ్చిపోయిందో కాగితంలో నిజం రాయాలి, గుడ్డ కట్టడం విప్పడం పనివాళ్ల చేతిలోనే ఉండాలి. ఈ మూడే అడిగాం. ఏళుమలై డబ్బా తీసుకుపోయి డాక్టరమ్మకు ఇచ్చి వచ్చాడు. మూడు రోజులు తలుపులు తెరవలేదు. లోపల మొగ్గలన్నీ విచ్చుకుపోయాయి. విచ్చుకున్న గులాబీ అమ్మకానికి పనికిరాదు. తెల్ల ప్లాస్టిక్ వెనక నుంచి ఎరుపు మసగ్గా కనిపించేది. పన్నెండేళ్లుగా అక్కడ పనిచేసిన మునివెంకటమ్మ ఆ తోటలో పువ్వు పూర్తిగా పూయడం చూసింది అదే మొదటిసారి.

నాలుగో రోజు ఉదయం పోలీసులొచ్చి పదకొండు మందిని వాళ్ల బండి ఎక్కించారు. మునివెంకటమ్మ, ఏళుమలై, నేను. మిగతావాళ్లంతా కోతవాళ్లు. విష్ణువర్ధన్ పువ్వులు కోసే కత్తెరతో తలుపులకు కట్టిన గుడ్డ ముళ్లు కత్తిరిస్తూ పోతున్నాడు. ఆయన మూడో తలుపు దగ్గరికి చేరేసరికి చిత్ర, ఇంకో నలుగురు వెనక మొదటి తలుపుకు మళ్లీ కడుతున్నారు.

బండి కదిలింది. అంగాళమ్మ ఉంటే మొదలుపెట్టే మాట ఒకటి మా అందరి నోటిదాకా వచ్చి ఆగింది. హైవే ఎక్కాక మునివెంకటమ్మే అంది.

"ఏమప్పా లోకనాథా, ఈ పొద్దు ఏం క్లోజింగ్?"

నాకు ఏడుపొచ్చింది. కిటికీ జాలీ వైపు తిరిగాను. రోడ్డు అవతల ఇంకో కంపెనీ గులాబీ షెడ్లున్నాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్లతో మేమెప్పుడూ మాట్లాడింది లేదు. వాళ్లు షెడ్డు బయట ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక తలుపు గొళ్లానికి ఎవరిదో పసుపుపచ్చ చీర ముక్క కట్టి ఉంది. నేను మునివెంకటమ్మకు దాన్ని వేలితో చూపించాను.