లిన్వాల్ పెరట్లోని యంత్రం

క్లాడిన్ బ్రిసెట్‌కి ఒక తమ్ముడున్నాడు. పేరు లిన్వాల్. వద్దని వెనక్కి ఇచ్చేద్దామంటే వాళ్లమ్మ రసీదు దాచలేదు. యాభైకి దగ్గరపడుతున్నా పెళ్లి లేదు, ఒక పద్ధతీ లేదు. ఉన్నదల్లా కాస్త కాఫీ తోట, నాలుగు మేకలు, బోలెడంత క్రికెట్ పిచ్చి. ఇంత బాధ్యత గల మనిషికి జమైకా దేశపు భూకంపాలు కనిపెట్టే యంత్రాల్లో ఒకదాన్ని అప్పగించిన బుద్ధిమంతురాలు ఎవరయ్యా అంటే, మళ్లీ క్లాడినే.

అప్పగించక ఏం చేస్తుంది? కొండల్లో కాపలా లేనిచోట యంత్రం పెడితే ముందు సోలార్ పలక పోతుంది, తర్వాత తీగలు, ఆఖరికి కంచె కూడా. అందుకని ఎవరో ఒకరి పెరట్లో, నలుగురి కళ్లెదుట పెట్టడం క్లాడిన్ పనిచేసే భూకంపాల ఆఫీసులో అలవాటు. ఒకచోట పాస్టరు గారింటి వెనక, ఒకచోట బడి ఆవరణలో, బెథెల్ గ్యాప్‌లో లిన్వాల్ పెరట్లో. గోతిలో చిన్న డబ్బా, పైన పలక, పక్కన లారీకి సరిపడే బాటరీ.

చిక్కంతా ఆ బాటరీతోనే. తుఫాను తర్వాత ఆ ఊరికి కరెంటు చుట్టపుచూపుగా వస్తోంది. కింగ్‌స్టన్‌లో టెస్టు మ్యాచ్ మొదలైందంటే లిన్వాల్ బాటరీ ఊడదీసి, భుజానికెత్తుకుని మిస్ ఐవీ కొట్టుకి పట్టుకుపోతాడు. డామినోల బల్ల చుట్టూ మగవాళ్లంతా చేరతారు. రేడియో మోగుతుంది. దేశం కింద నేల ఏమైపోతోందో కనిపెట్టే పని భోజన విరామం దాకా వాయిదా పడుతుంది.

ఈ కథ క్లాడిన్ ఎక్కడ చెప్పినా నవ్వులే. విపత్తుల శాఖ సమావేశాల్లో చెప్పింది, పెళ్లి విందుల్లో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ బాటరీ కొంచెం బరువెక్కేది.

నిన్న కూడా అదే జరిగింది. గోడ మీది తెరలో బెథెల్ గ్యాప్ గడి ఎర్రబడింది. క్లాడిన్ తమ్ముణ్ణి ఫోన్లో దులిపి ఆరేసింది. ఆ ఊపులోనే తమ్ముడి పెరట్లోని స్టేషన్‌ని లెక్కలోంచి తీసేసి పక్కన పెట్టింది. ఒకసారి పక్కన పెట్టాక అది బతికొచ్చినా తెర మీద కనబడదు. మనిషే చేత్తో మళ్లీ చేర్చాలి.

ఈ పొద్దున తమ్ముడే ఫోన్ చేశాడు.

"అక్కా, బాటరీ పెట్టేశా. చూడు, పచ్చగా వచ్చిందా?"

"మ్యాచ్ అయిపోయిందేంట్రా?"

"ఇంకా ఉందిలే. మిస్ ఐవీ రేడియోకి సెల్లులు తెచ్చుకుంది. ఇక నీ బాటరీ జోలికి రాను, ఒట్టు."

"నీ ఒట్లన్నీ పోగేస్తే బ్లూ మౌంటెన్స్‌లో ఇంకో శిఖరం లేస్తుంది. మ్యాచ్ అయ్యాక చూస్తాలే."

"ఒక్కసారి చూడవే. సైనికుడిలా నిలబడి మరీ పెట్టాను."

"పనుంది, పెట్టెయ్" అని తనే పెట్టేసింది. తెర వైపు చూడలేదు.

భోజనాలయ్యాక వచ్చింది భూకంపం. ముందు కింద ఎవరో బరువైన తలుపు మూసినట్టు ఒక్క దెబ్బ. వెంటనే గది మొత్తాన్ని చేటలో వేసి చెరిగినట్టు కుదిపింది. పక్క కుర్చీలో కూర్చునే డెజ్రీన్ బల్ల కింద దూరి, "ప్రభువా, ప్రభువా, నా పొయ్యి మీద బఠాణీలు పెట్టొచ్చాను!" అని అరిచింది. పైకప్పు పలక ఒకటి ఊడి ప్రింటరు మీద పడింది. ఊపు తగ్గీ తగ్గకముందే ఇద్దరూ తెరల ముందున్నారు.

అలలు ఏ స్టేషన్‌కి ముందు చేరాయి, దేనికి తర్వాత చేరాయి అన్నదాన్నిబట్టి భూకంప కేంద్రం ఎక్కడో కంప్యూటరు లెక్క కడుతుంది. కట్టింది. మోరాంట్ బేకి దక్షిణాన, సముద్రంలో.

వైర్‌లెస్ సెట్లో విపత్తుల శాఖ అధిపతి మేజర్ పినాక్ గొంతు. "మిసెస్ బ్రిసెట్, చోటు చెప్పండి. ఎగరడానికి సిద్ధంగా నా దగ్గర ఒక్క హెలికాప్టరే ఉంది."

"దక్షిణ తీరం, మేజర్ గారూ. మోరాంట్ బే దగ్గర సముద్రంలో."

"ఖాయమేనా?"

"ఖాయం."

హెలికాప్టరు మేజర్‌ని ఎక్కించుకుని తీరానికి పోయింది. దాని వెనకే అగ్నిమాపక బళ్లు. ఆఫీసు ఫోన్లు ఒక్కటే మోత. గోడ బీటలు వారిందని ఒకరు, కొట్టు ముందరి అద్దాలు రాలాయని ఇంకొకరు. ఒక పెద్దాయన తన కోడిపుంజు ముందే చెప్పిందని, దానికి మీ ఆఫీసులో ఉద్యోగం ఇవ్వాలని పట్టుబట్టాడు.

"రేపే చేరమనండి, మాకు మనుషులు తక్కువ" అని పెట్టేసింది డెజ్రీన్. ఆ తర్వాత నవ్వు ఆపి తెరకేసి వంగింది. "క్లాడిన్, తర్వాత వస్తున్న చిన్న ప్రకంపనలు అసలు కుదరడం లేదు. సముద్రంలో అంటే ఒక్కటీ ఒప్పుకోవట్లేదు. లెక్క తప్పుతోంది."

"తూర్పున మనకి ఒక స్టేషన్ తక్కువగా ఉంది. అదీ మా వాడి పుణ్యం."

"సరే. కొండల నుంచి ఎవరైనా ఫోన్ చేశారా?"

క్లాడిన్ ఫోన్ల చిట్టా తిరగేసింది, ఒక్కటీ లేదు. కొండల్లో వాళ్లు పనసపండు రాలినా ఫోన్ చేసే రకం. అందరికంటే ముందు లిన్వాల్ చేస్తాడు. ఎంత తీవ్రతో తనే అంచనా చెప్పి, అది దగ్గరగా వస్తే పందెం కింద ఆకుకూర ప్యాటీ ఇప్పించమంటాడు. ఇవాళ చెయ్యలేదు. తీగలు తెగుంటాయిలే అనుకుంది. మ్యాచ్ వింటున్నాడేమో అని కూడా అనుకుంది. ఆ రెండో మాట తనకే నిలవలేదు. నేల అంతలా ఊగితే ఎవడు వింటాడు మ్యాచ్?

లిన్వాల్ నంబరు నొక్కింది. మోగలేదు. మిస్ ఐవీ కొట్టు నంబరూ మోగలేదు.

పక్కన పెట్టిన స్టేషన్ల జాబితా తెరిచి, బెథెల్ గ్యాప్ మీద నొక్కింది.

పొద్దుటి నుంచీ గీత వచ్చింది. ఎక్కడా తెగలేదు. మేకలు నడిచినప్పటి చిన్న చిన్న ముళ్లు, గేటు వేసిన దెబ్బ, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత దీవిలో అన్ని స్టేషన్ల కంటే ముందు ఇక్కడ గీత లేచింది. తెర మీద పట్టనంత ఎత్తుకి లేచి, ఆ ఊపు నడుమ ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాత ఖాళీ.

ఆ ఊపు నడుమ ఎవడూ బాటరీ పీకడు. యంత్రం ఉన్న నేలే పోతే గీత అలా ఆగుతుంది.

క్లాడిన్ వెంటనే ఆ స్టేషన్‌ని లెక్కలో చేర్చింది. కేంద్రం సముద్రంలోంచి లేచొచ్చి, కొండల్లో, బెథెల్ గ్యాప్ పక్కన కూర్చుంది. డెజ్రీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి చూస్తే ఉత్తరాన కొండల నడుముకి మబ్బు చుట్టుకుంటోంది. రోజూ మధ్యాహ్నం దిగే మబ్బే. అది పూర్తిగా దిగితే ఏ హెలికాప్టరూ వెళ్లలేదు.

"మేజర్ గారూ, హెలికాప్టర్ని తిప్పండి! బెథెల్ గ్యాప్‌కి. కేంద్రం అక్కడే."

"ఇందాక సముద్రమన్నారు కదా?"

"కొత్త సమాచారం వచ్చింది."

"అమ్మా, ఇక్కడ కప్పు కూలిన బజారుంది. గాయపడ్డవాళ్లు మా చొక్కాలు పట్టుకు లాగుతున్నారు. గంట దాటాక కొత్త సమాచారం ఎక్కణ్ణించి ఊడిపడింది?"

"ఆ స్టేషన్‌తో ఎప్పుడూ ఇబ్బందే, సర్. ఆ బాటరీ..." అక్కడితో ఆపేసింది. మిగతాది ఆయనే పూర్తి చేసుకుంటాడని ఆమెకి తెలుసు.

"ఓ, మీ తమ్ముడి క్రికెట్!" అన్నాడు మేజర్. ఇంతకుముందు ఈ కథకి పడీ పడీ నవ్విన మనిషే. ఇప్పుడు నవ్వలేదు. "సరే, తిప్పుతున్నా."

డెజ్రీన్ ఆమె వంక చూసింది. క్లాడిన్ తెర వైపు తిరిగి కూర్చుని, మబ్బు ఆగాలని, కొండ ఆగాలని, తనకి రాని ప్రార్థనలన్నీ కలిపి గొణిగింది.

మబ్బు పూర్తిగా దిగేలోపే పైలట్ గొంతు వచ్చింది. "కొండ చరియ జారింది. ఊరి కింది సగం లేదు. చర్చి మైదానంలో మనుషులున్నారు. దిగుతున్నాం." ఆ తర్వాత చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. ఆ గరగరలో క్లాడిన్ తమ్ముణ్ణి ఎన్ని రకాలుగా పాతిపెట్టి ఎన్ని రకాలుగా బయటికి తీసిందో ఆమెకే తెలియాలి.

"ఇక్కడొకాయన మీతో మాట్లాడాలని నా సెట్ వదలట్లేదు" అన్నాడు పైలట్. "కాలు విరిగింది. మిగతాదంతా బాగానే ఉంది, నోరు మరీనూ."

"అక్కా?"

"ఒరేయ్ లిన్వాల్..."

"అక్కా, మిస్ ఐవీ కొట్టు మట్టి కిందికి పోయింది. చెక్కల కిందనుంచి చాలాసేపు పిలిచింది. చేతుల్తోనే తవ్వాం. హెలికాప్టరు అదుగో వస్తుంది, ఇదుగో వస్తుందని చెప్తూనే ఉన్నాను ఆవిడకి. మా అక్క చూస్తుంటుంది, మన స్టేషన్ ఉందిగా అన్నాను. ఇందాకటి నుంచీ పిలవట్లేదు."

ఈ సెట్లో పలికిన మాట తీరంలో మేజర్‌కీ, అన్ని అగ్నిమాపక కేంద్రాలకీ వినిపిస్తుంది.

"మిస్టర్ లిన్వాల్," అన్నాడు మేజర్ మధ్యలో అందుకుని. "మీ ఊరికి ఆలస్యం ఎందుకైందో తెలుసా? మీ బాటరీ సరదా వల్ల. ఇక జన్మలో రేడియో వినకండి."

లిన్వాల్ గొంతు వచ్చింది, చిన్నప్పుడు కుండ పగలగొట్టి వచ్చినప్పటిలా. "పొద్దున పెట్టానండి. గట్టిగానే బిగించాను. తీగ వదులైందేమో మరి. అక్కా, నావల్లేనా? మిస్ ఐవీ నావల్లేనా?"

డెజ్రీన్ తల దించుకుంది. క్లాడిన్ ఆ మాటని అలాగే వదిలేస్తే చాలు. ఎవరూ అడగరు. లిన్వాల్ అయితే నమ్మేస్తాడు కూడా. ఇన్నేళ్లుగా ఆమె చెప్పిన కథే కదా నమ్మడానికి.

ఆమె మైకు దగ్గరికి జరిగింది. బటన్ నొక్కి పట్టుకుంది.

"మేజర్ గారూ, వింటున్న అందరూ వినండి. నేను క్లాడిన్ బ్రిసెట్‌ని. మా తమ్ముడు బాటరీ పొద్దున్నే పెట్టాడు. ఫోన్ చేసి చెప్పాడు, చూడమని బతిమాలాడు. నేను చూడలేదు. ఆ స్టేషన్ ఆఖరి దాకా పనిచేసింది. దాన్ని లెక్కలోంచి తీసింది నేను, మళ్లీ చేర్చనిది నేను. లిన్వాల్, నీవల్ల కాదురా. తప్పు నాది."