ముత్తమ్మ దాహం

ఏడో నెల పడ్డప్పటి నుంచి కొండమ్మకు చచ్చిపోయిన అక్క గొంతు వినపడసాగింది. ఎండ నెత్తికెక్కి, ఇప్పపువ్వు ఎండబోసి ఊరంతా కునుకు తీసే వేళ, గుడిసె మూలనున్న కుండ దగ్గర్నుంచి, తల్లిని పిలుస్తూ సన్నగా వచ్చేది.

"అవ్వా, గుక్కెడు నీళ్లు."

అక్క ముత్తమ్మ నిరుటి ఎండాకాలం, నిండు చూలాలుగా, ఒళ్లంతా నొప్పులని పొర్లి పొర్లి ప్రాణం విడిచింది. చెల్లెల్ని తోడు తీసుకుపోవడానికే వచ్చిందని ఊరు తేల్చేసింది. తేల్చడానికి ఊరిదేం పోయింది? కొండమ్మకు మాత్రం ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. మోకాళ్లలో, నడుములో అవే నొప్పులు మొదలయ్యాయి మరి.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన నాటి నుంచి తల్లి జంపక్క నీళ్లకుండకు కాపలా కూర్చుంది. చూలాలు నీళ్లెక్కువ తాగితే కడుపులో బిడ్డ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని ఆ ఇంటి పట్టింపు. పొద్దున గుక్కెడు, సాయంత్రం గుక్కెడు.

"ఓర్చుకో బిడ్డా, సులువుగ కంటవ్" అనేది. పెద్దదానికీ ఇదే చెప్పింది.

నొప్పులకు కొండమ్మ మెలికలు తిరిగిపోతుంటే, మొగుడు భీమయ్య ఇక అత్త మాట వినలేదు. బండి కట్టి ఇద్దరినీ భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించింది.

"నీ రక్తంలో కణాలు కొడవలిలా వంగిపోతున్నాయమ్మా. పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒంట్లో నీళ్లు తగ్గితే అవి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ నొప్పులు అందుకే. నీళ్లు బాగా తాగాలి. కాన్పు ఇక్కడే."

"మా అక్క గూడ గిట్లనే పోయింది డాక్టరమ్మా."

"ఆమె నీళ్లు తాగేదా?"

కొండమ్మ తల్లి వంక చూసింది. జంపక్క గోడవైపు తిరిగింది.

ఆ రోజు నుంచి అడగకుండానే సొరబుర్ర నిండా నీళ్లు ముంచి ఇచ్చేది తల్లి. నొప్పులు తగ్గుముఖం పట్టాయి. నెలలు నిండాక దవాఖానాలో నెత్తురెక్కించి కాన్పు చేశారు. ఆడపిల్ల. బక్కదే గానీ, ఏడిస్తే వార్డంతా లేచి కూర్చునేది.

పిల్లతో ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే గొంతు.

"అవ్వా, గుక్కెడు నీళ్లు."

తను బతికి బట్టకట్టింది కదా, ఇంకా దేనికొచ్చింది? పిల్ల కోసమా? కొండమ్మ పిల్లను గుండెకు అదుముకుని మూలకు నడిచింది.

కుండకు ఆనుకుని జంపక్క నిద్రపోతోంది. కదులుతున్న పెదవులు ఆమెవే. గొంతు మాత్రం ముత్తమ్మది.

భయం పోయి కొండమ్మకు ఏడుపొచ్చింది. సొరబుర్ర నిండా ముంచి తల్లి పెదవులకు ఆనించింది.

"తాగక్కా" అంది.

జంపక్క కళ్లు తెరవకుండానే గటగటా తాగింది.