చాంద్ కాని వెలుగు

కళాయి మక్సూద్ మాటను అనుమానించినవాళ్లు అంతకుముందు మా జహీరాబాద్‌లో ఒక్కరూ లేరు. ఇత్తడి గిన్నె ఇస్తే తళతళలాడేలా కళాయి పూసి ఇచ్చేవాడు. అడుగున చిల్లుంటే దాన్ని కప్పిపెట్టకుండా ముందే చూపించేవాడు. అలాంటి మనిషిని యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఊరంతా అబద్ధాలకోరు అంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పేరు రామచందర్, తహసీల్ ఆఫీసులో గుమాస్తాను. మక్సూద్ ఇల్లూ దుకాణమూ మా ఇంటికి ఎదురుగానే.

రంజాన్ ఇరవై తొమ్మిదో సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడు పండుగ. లేకపోతే ఇంకో రోజా, అంటే ఇంకో ఉపవాసం. మబ్బు పట్టిన రోజైతే, చాంద్, అంటే నెలవంక, చూశామని ఇద్దరు నమ్మకస్తులు కాజీ సాబ్ ముందు సాక్ష్యం చెప్పాలి. దాన్ని గవాహి అంటారు. ఆ సాయంత్రం పాడు మబ్బులు ఎక్కడి నుంచో వచ్చి కమ్ముకున్నాయి. జనం మిద్దెలెక్కి పడమటి దిక్కు చూస్తున్నారు. మబ్బుల సందులో సన్నగా, వంకరగా ఒక తెల్లని వెలుగు మక్సూద్‌కు కనిపించింది. పక్కనున్న దర్జీ మునీర్‌కు వేలు పెట్టి చూపించాడు. ఇద్దరూ ఉరుకుల మీద మసీదుకు పోయి గవాహి ఇచ్చారు. కాజీ సాబ్ పండుగ అని చెప్పేశారు.

మర్నాడు ఊరు ఊరంతా పండుగ పాయసం షీర్ ఖుర్మా తాగింది. మధ్యాహ్నం హైదరాబాద్ బస్సు దిగినవాళ్లు, అక్కడ అందరూ ఇంకా ఉపవాసంలోనే ఉన్నారని చెప్పారు. ఆ సాయంత్రం మబ్బు విడిపోయి నెలవంక కనిపించింది. అప్పుడే పుట్టినట్టు వెంట్రుకంత సన్నగా ఉంది. ఉపవాసం ఉండాల్సిన రోజున విందు తిన్నామని అందరికీ తెలిసిపోయింది. ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు.

మునీర్ వెంటనే చేతులు దులుపుకున్నాడు. "నాకు సాఫ్ కనబడలే. మక్సూద్ భాయ్ చూపెట్టిండని నేను గూడ హా అన్న" అన్నాడు. మక్సూద్ మాత్రం "నేను చూసింది చాందే" అని పట్టుపట్టాడు. కొలిమి వెలుగుకు కళ్లు పోయాయన్నారు కొందరు, పేరు కోసం చెప్పాడన్నారు ఇంకొందరు. ఇకముందు అతని గవాహి చెల్లదని కాజీ సాబ్ తేల్చేశారు. చెల్లెలి కొడుకు నిఖాలో సాక్షిగా కూర్చోవాల్సిన మక్సూద్‌ను లేపి, ఆ చోట ఇంకొకరిని కూర్చోబెట్టారు. అత్తరు పూసుకుని వెళ్లిన మనిషి భోజనం చేయకుండానే తిరిగొచ్చాడు. చల్లారిన కొలిమి ముందు కూర్చుని బూడిద కెలుకుతుంటే చూడలేక నేను తలుపు వేసుకున్నాను.

వానలు మొదలయ్యాక హైదరాబాద్ నుంచి విమానాల శాఖ అధికారి ఇంద్రసేన గారు జీపులో మా ఆఫీసుకు వచ్చారు. వాంగ్మూలాలు రాయడానికి తహసీల్దారు నన్ను అప్పగించారు. వచ్చిన పని ఆయనే చెప్పారు.

రోజూ పొద్దుగూకే వేళ బొంబాయి నుంచి హైదరాబాద్ పోయే విమానం మా ఊరి మీదుగా పోతుంది. ఆ మబ్బుల సాయంత్రమే, మా ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా, విమానం ఎదుట వంకరగా ఒక తెల్లని వెలుగు నిలబడిందట. కాసేపు ఉండి ఉత్తరానికి జారిపోయిందట. కప్తాన్ దిగగానే రాసిచ్చాడు. పక్కనున్న రెండో పైలట్ మ్యాపులో తలదూర్చి ఉండి చూడలేదు. దాంతో కప్తాన్‌ను విమానం ఎక్కనివ్వడం మానేశారు. ముందు కళ్ల పరీక్ష చేశారు, తర్వాత మతి పరీక్ష చేస్తామన్నారు.

"కింద ఎవరైనా చూసి ఉంటే, అదేమిటో తెలియలేదని రికార్డులో రాస్తాం. లేకపోతే పైలట్ భ్రమ అని రాయాలి. ఇక ఆయన జన్మలో విమానం నడపలేడు" అన్నారు ఇంద్రసేన గారు.

నేను గొడుగు కూడా తీసుకోకుండా మక్సూద్ దగ్గరికి పరుగెత్తాను. "భాయ్, నువ్వు అబద్ధమాడలే! ఆకాశంల నిజంగనే ఏదో ఉండె!" అని ఒక్క గుక్కలో అంతా చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను పట్టకారు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"అంటే అది చాంద్ కాదు" అన్నాడు.

పరదా వెనక నుంచి అతని భార్య ఉమ్రావ్ బేగం మాట్లాడింది. "చెప్పకుర్రి. ఇన్ని దినాలు చాందే అన్నరు. ఇప్పుడు కాదంటే అందరి రోజా మనమే పాడు చేసినట్టు ఒప్పుకున్నట్టే గద. ఇగ మన ఇజ్జత్ ఏం మిగులుతది?"

ఆమె మాటలో తప్పేముంది? చాందే అని మొండికేసినంత కాలం అతన్ని నమ్మేవాళ్లు నలుగురైనా ఉంటారు. నేను తెచ్చిన శుభవార్త ఎంత చేటో నాకు అప్పుడు అర్థమైంది.

మక్సూద్ నా వైపు తిరిగి అడిగాడు. "ఆ కప్తాన్ సాబ్ మాట ఎవ్వరన్న నమ్మిన్రా?"

"ఎవ్వరు నమ్మలే."

"ఇంట్ల వాళ్లు?"

"నాకెట్ల తెలుస్తది భాయ్."

అతను చేతుల మసి తుడుచుకుని లేచాడు. "పా పోదాం. కాజీ సాబ్ ముందటనే చెప్త. తప్పు గవాహి ఏడ ఇచ్చిన్నో ఆడనే చెప్త."

మసీదు వరండాలో సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక జనం లేవకుండా కూర్చుండిపోయారు. మునీర్ స్తంభం చాటున ఉన్నాడు. ఇంద్రసేన గారిని కూడా అక్కడికే పిలుచుకొచ్చాను, ఆయన ఎదుట మక్సూద్ చెబుతుంటే రాశాను. "అది కదిలింది సాబ్. ఉత్తరం దిక్కు జారింది. మబ్బు కదులుతుందని నా మనసుకు నేనే చెప్పుకున్న. చాంద్ కోసం పోయిన గాబట్టి చాంద్ అనుకున్న. అది చాంద్ కాదు. మీ అందరి రోజా నా వల్లనే పోయింది. మాఫ్ చేయుర్రి."

"నువ్వు చూసింది ఆ విమానమే కావచ్చు కదా?" అన్నారు ఇంద్రసేన గారు.

"విమానం నాకు తెల్వదా సాబ్? రోజు నా దుకాణం మీదికెల్లే పోతది. అది వేరే."

కాగితం చివర ఇంకొక గడి ఉంది. సాక్షి నమ్మదగినవాడేనా అని ఊరి పెద్ద ఒకరు రాసి సంతకం పెట్టాలి. ఇంద్రసేన గారు పాత తీర్పు సంగతి తెలియక ఆ కాగితం కాజీ సాబ్ ముందుకే జరిపారు. కాజీ సాబ్ కలం తీసుకున్నారు.

"ఈయన గవాహి చెల్లదని చెప్పింది నేనే" అన్నారు. "ఆ మాట చాంద్ గురించి. ఇజ్జత్ పోతదని తెలిసి గూడ తన తప్పు తాను చెప్పుకున్నోడు, ఈ సంగతిల అబద్ధం ఎందుకాడతడు?" అని, నమ్మదగినవాడు అని ఉర్దూలో రాసి సంతకం పెట్టారు. కాగితం తీసుకునేటప్పుడు నాకు కళ్లు మసకబారాయి.

చలికాలంలో ఆ రికార్డు నకలు మా ఆఫీసుకు వచ్చింది. కప్తాన్‌కు కొలువు తిరిగి ఇచ్చారు. ఆ వెలుగు ఎదుట 'ఏమిటో తెలియలేదు' అని ఉంది. నా ఉద్యోగంలో సర్కారు తనకు తెలియదని ఒప్పుకున్న కాగితం అదొక్కటే చూశాను.

అయినా ఊరి మనసు అంత తొందరగా మారుతుందా? సలాములు మళ్లీ మొదలయ్యాయి గానీ, చాంద్ సంగతి అతని ముందు ఎవరూ ఎత్తలేదు.

మరుసటి రంజాన్ ఇరవై తొమ్మిదిన మళ్లీ మబ్బే. కాజీ సాబ్ కబురు పెట్టి మరీ మక్సూద్‌ను మసీదు మిద్దె మీదికి పిలిపించారు. నేను ఆ పక్క మిద్దె మీద నుంచి చూస్తున్నాను. ఉన్నట్టుండి మబ్బు సందులో ఏదో తళుక్కుమంది. "చాంద్! చాంద్!" అని మునీర్ కేక పెట్టాడు. నలుగురు గొంతు కలిపారు. కాజీ సాబ్ వాళ్ల వైపు తిరగలేదు. మక్సూద్ వైపు తిరిగారు.

మక్సూద్ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, తొందర లేకుండా చూశాడు.

"అది చాంద్ కాదు. మా కప్తాన్ సాబ్ విమానం" అన్నాడు.

కొంతసేపటికి చప్పుడు వినిపించింది, విమానం మా తలల మీదుగా పోయింది. రేపు ఉపవాసమేనని కాజీ సాబ్ చెప్పారు. అందరూ సరేనని మిద్దెలు దిగారు.

మర్నాడు నేనూ పొద్దుగూకేదాకా మంచినీళ్లు ముట్టలేదు. నీకెందుకయ్యా ఉపవాసం అని నా భార్య తారాబాయి అడిగింది.

"మక్సూద్ చెప్పిండు గద" అన్నాను.