రింగు తిప్పితే చాలు

దగ్గరవీ దూరపువీ ఒక్కదాంతోనే తీసే సూపర్‌జూమ్ లెన్సు కొన్నాక యశ్వంత్‌కు లెన్సులు మార్చే పీడ వదిలింది. గండికోట జలాశయం గట్టు మీద నిలబడి ముందు నీళ్లన్నీ పట్టేలా ఒక ఫొటో తీశాడు. అక్కణ్ణుంచి కదలకుండానే లెన్సు రింగు తిప్పాడు. గట్టు ఆ చివర, జలాశయంలో మునిగిపోయిన తన ఊరివైపు టెంకాయ కొట్టి ఏడుస్తున్న కృష్ణవేణమ్మ ముఖం, కన్నీటితో సహా, ఫ్రేము నిండింది. ఆమెకు తెలియకుండా తీయడమే పనితనమని మురిసిపోయాడు.

కాసేపటికి ఆమే వచ్చింది.

"దూరముండేది దగ్గరికి తెస్తాదంట కదప్పా. ఎండలకు నీళ్లు తగ్గినాయి, మా మిద్దె ఏమన్నా తేలిందేమో సూపీ."

కెమెరా అందించాడు. చివరి ఫొటో తెర మీదే ఉందని మరిచాడు. తన ఏడుపును ఆమె శానాసేపు చూసుకుంది. అతను తల దించుకున్నాడు.

"ఇంత దగ్గరికి రావల్లనుకున్నోడివి, నడిచి రాకూడదా నాయనా?"