చింతపండుతో తోమిన రాజు

"చింతపండు పెట్టి తోమకూడని కంచు ఏదో చెప్పుండ్రి?" అని అవ్వ అడిగింది. మనవలు గంట అన్నారు, తాళం అన్నారు. రెండూ కాదు. రోము రాజుల పాత నాణెం. దాని మీది పచ్చని పొర మురికి కాదు, వందల ఏండ్లు మట్టిలో ఉంటే పట్టేది. ఆ పొర కిందనే రాజు నిద్రపోతుంటాడు.

ఈ సంగతి భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడు చంద్రమౌళికి తెలుసు. భార్య రేణుకకు తెలువదు. ఆయన సెలవు దొరికినప్పుడల్లా తిరిగి తిరిగి నాణేలు సేకరించి, మెత్తని బట్టలో చుట్టి డబ్బాలో దాచేవాడు. ముట్టొద్దు అన్నాడే గాని, ఎందుకో చెప్పలేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం చేసిన సకల జనుల సమ్మెతో బాయిలు బంద్ అయినయి. చంద్రమౌళి ధర్నా శిబిరంలో కూర్చున్నాడు. బతుకమ్మ పండుగ వస్తున్నదని రేణుక ఇత్తడి బిందెలు తోముతూ, మొగడు సంబురపడతాడని ఒక నాణేన్ని కూడా తోమింది. అది తళతళా మెరిసింది. ఎప్పుడూ పక్కకే చూసే రాజు ఆమె దిక్కు తిరిగి కండ్లు తెరిచాడు.

చంద్రమౌళి వచ్చి చూసి, నాణేన్ని వెనుకకు తిప్పాడు. నాణెం వెనుక ఇద్దరు సిపాయిలు ఉంటారు. తెల్లారేసరికి మూడో సిపాయి ఆకారం లేచింది. ముఖం మాత్రం లేదు.

"రాజు ఎవర్నో పిలుస్తున్నడు వదినె," అన్నది పక్క క్వార్టర్ సమ్మక్క నాణెం చూసి, పాలు పొంగినయని చెప్పినట్టు. "ముఖం తేలినోడు గడప దాటితే గంతే, రాజు దండుల కలిసినట్టే."

రోజురోజుకూ ముఖం తేలింది. నొసటి మీద మచ్చ. కొడుకు శ్రీపాల్‌దే. సరిగ్గా ఆ పొద్దే రైలు రోకో.

"గడప దాటకు బిడ్డా," అన్నది రేణుక.

"రాజు పిలిచిండని అందరం ఇంట్ల కూసుంటే తెలంగాణ ఎవడు తెస్తడే అమ్మా? మా రాష్ట్రం మాకు వచ్చినంక వస్తనని చెప్పు గాయనకు." శ్రీపాల్ నవ్వుకుంటూ చెప్పులు తొడుక్కున్నాడు.

"ఆగురా. నేను ముందు పోత," అన్నాడు చంద్రమౌళి. మేకుకున్న బాయి టోపీ తీసి పెట్టుకుని, లైటు సరిచేసుకుని, నాణేన్ని తన ముఖానికి ఎదురుగా పట్టాడు.

"వానికి వరుసల నడుసుడు రాదు. నేను ఏండ్ల సంది బాయిల నడిచినోన్ని. నాకు మస్టర్ వెయ్యి, వాని జాగల నా హాజరు రాసుకో," అన్నాడు రాజుతో.

రాజు చూపు కొడుకు మీది నుంచి తండ్రి మీదికి జరిగింది. ఎవరి చెయ్యి పట్టి ఆపాలో తెలువక రేణుక నాణేన్నే గుంజుకుని పట్టుకున్నది. చంద్రమౌళి గడప దాటాడు. ఆమె అరచెయ్యి చుర్రుమన్నది. వాకిట్లో ఎవరూ లేరు. మూడో సిపాయి నెత్తిమీద లైటున్న టోపీ ఉన్నది.

శ్రీపాల్ ఆ పొద్దు పట్టాల మీద కూర్చున్నాడు. పొద్దుగూకంగ ఇంటికొచ్చి తండ్రి పీట మీదనే బువ్వ తిన్నాడు.

"రాష్ట్రం వచ్చినంక గా టోపీ పెట్టుకున్నాయన తిరిగి రాలేదా అవ్వా?" అని చిన్న మనవరాలు అడిగింది.

"రాష్ట్రం వచ్చింది బిడ్డా. ఆయన డ్యూటీ ఇంక దిగలేదు."

చాటలో బియ్యం సగమే ఏరి పెట్టిన సంగతి యాదికొచ్చి, అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి పోయింది.