ముప్పయ్యో మెడ

మలక్‌పేటలోని ఫిజియోథెరపీ క్లినిక్కులో శివయ్యకంటే ముందే హమాలీల జట్టు పెద్ద భిక్షపతి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెడనొప్పి మీద పరిశోధనకు ఉస్మాన్‌గంజ్ నుంచి మనుషులను తెచ్చింది అతనే. ఇరవై తొమ్మిది మందికి చేత్తో మెడ సవరించడం అయిపోయింది. లెక్కకు ముప్పై మంది నిండాలి. ముప్పయ్యోవాడు శివయ్య. గడువు ఈ సాయంత్రంతో సరి.

ఆ పరిశోధన చేస్తున్న థెరపిస్టు శ్రీపాద ఫారం తీశాడు.

"వేళ్లు తిమ్మిరెక్కుతాయా? చేతిలో పట్టు తప్పుతోందా?"

నెల రోజులుగా శివయ్య చేతిలోంచి అన్నం ముద్ద జారిపోతోంది. "సారుకు అన్ని జెప్పు. దాస్తే నా మీద ఒట్టు" అని పొద్దున ఉప్పుగూడలో భార్య నీలమ్మ గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. కానీ హమాలీల్లో ఒక రివాజుంది. పట్టు తప్పిందని ఒప్పుకున్నవాడి వీపు మీద మర్నాటి నుంచి బస్తా ఎత్తరు.

శివయ్య భిక్షపతి వైపు చూశాడు.

"ఏంది, నా మొకం జూస్తవ్?" భిక్షపతి నవ్వాడు. "పెండ్లికొడుకు లెక్క సిగ్గువడుతుండు సార్. మిర్చి బస్తాలు బంతుల్లెక్క ఏస్తడు. వీనికేం తిమ్మిరి?"

"ఏం లేదు సార్. మస్తుగున్న. మెడనే జర పట్టేసింది."

"చొక్కా విప్పు."

మొదటి గుండీ దగ్గరే శివయ్య వేళ్లు తడబడ్డాయి. రెండుసార్లు, మూడుసార్లు. శ్రీపాద చూశాడు. మెడలో వెన్నుపాము నలుగుతున్న లక్షణమది. అలాంటి మెడను తిప్పకూడదు, వెంటనే స్కానింగుకు పంపాలి. ఫారంలో ఆ నియమం రాసుకున్నది తనే. పంపితే ఒకడు తగ్గుతాడు. రెండేళ్ల పరిశోధన చెత్తబుట్టలోకి.

"కొత్త చొక్కానా? గుండీలు గట్టిగున్నాయి" అంటూ తనే విప్పాడు. 'తిమ్మిరి లేదు' అన్నచోట టిక్కు పెట్టాడు.

శివయ్య బల్ల మీద పడుకున్నాడు. "జర నిమ్మళంగ సార్..."

"ఫికర్ చేయకు. వదులుగా ఉండు."

శ్రీపాద అతని తల రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క విసురుతో పక్కకు తిప్పాడు. టక్కుమంది.

"లే."

శివయ్య లేవలేదు. కళ్లు మాత్రం కదులుతున్నాయి.

"సార్... నా చేతులేడున్నయ్?"

భిక్షపతి వచ్చి అతని మోచెయ్యి ఎత్తి వదిలాడు. అది బల్ల అంచున వేలాడింది. వెంటనే ఫోను తీసి ఇంకో హమాలీకి కలిపాడు. "అరే, రేపట్నించి శివయ్య జాగల నువ్వు రా."

శ్రీపాద మళ్లీ పెన్ను తీశాడు. ఫారంలో ఇంకా ఒక్క గడి ఖాళీగా ఉంది.

"ఇప్పుడు నొప్పి ఎంతుంది?"

"నొప్పా? ఏం తెలుస్తలేదు సార్."

శ్రీపాద సున్నా రాశాడు. ఆ తర్వాతే అంబులెన్సుకు ఫోన్ చేశాడు.